తాళపు చెవి పరుల చేతిలో!

గౌలిపుర, లాల్‌దర్వాజా, ఛత్రినాక ప్రాంతాల్లో రాత్రి పడుకోబోయే ముందు వీధి తలుపు గొళ్లెం ఒకటికి రెండుసార్లు చూసుకోని ఇల్లు ఉండదు. అయితే నేడు సంసారపు సొత్తు బీరువాలో కంటె ఖాతాలలోనే ఎక్కువగా ఉన్నది. బ్యాంకు డబ్బు, భవిష్యనిధి, పిల్లల స్కాలర్‌షిప్పు, కాలేజీ సీటు అన్నీ పాస్‌వర్డు చాటునే ఉన్నాయి. ఆ తాళం విషయంలో మనం చూపుతున్న నిర్లక్ష్యం ఆందోళన కలిగిస్తున్నది.

పాతబస్తీలో అనేక కుటుంబాలకు నెట్ సెంటరే దిక్కు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు మొదలు ప్రావిడెంట్ ఫండు వరకు అన్ని పనులూ అక్కడే జరుగుతున్నాయి. ఈ-మెయిలు తెరిచేదీ, పాస్‌వర్డు పెట్టేదీ కౌంటరులో కూర్చున్న కుర్రవాడే. అది సాధారణంగా దరఖాస్తుదారు పేరు, దాని పక్కన 123. లేకుంటే సెల్ నంబరు. మళ్లీ వస్తే అవసరమవుతుందని దానిని నోటుబుక్కులో రాసి ఉంచుతారు. ఇందులో వారి దురుద్దేశమేమీ లేకపోవచ్చు. కాని ఆ పుస్తకం ఎవరి కంటబడుతుందో చెప్పలేము. ఈఏపీసెట్ కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్ల క్రమాన్ని బట్టే సీటు వస్తుంది. గడువు ముగిసే లోపు ఆ పాస్‌వర్డు తెలిసిన వారెవరైనా క్రమాన్ని తారుమారు చేస్తే ఆ విద్యార్థికి జరిగే నష్టాన్ని ఎవరు పూడ్చగలరు?

తేలిక పాస్‌వర్డు సామాన్యులనే కాదు, రక్షకభటులను కూడ ఇబ్బంది పెట్టింది. తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్‌లోని సమాచారం 2024లో బయటకు పొక్కింది. బలహీనమైన పాస్‌వర్డు లేదా ఇతరులకు తెలిసిపోయిన పాస్‌వర్డు వల్లనే చొరబాటు జరిగి ఉండవచ్చునని పోలీసులే అనుమానం వ్యక్తం చేశారు. నిందితుణ్ణి ఆ ఏడాది జూన్‌లో అరెస్టు చేశారు. పోలీసు శాఖకే ఈ పరిస్థితి ఎదురైతే మన సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టడం అంతకంటె పెద్ద పొరపాటు. ఏదో ఒక చిన్న దుకాణం వెబ్‌సైటు నుంచి అది పొక్కితే చాలు, మోసగాళ్లు అదే మాటను మన మెయిలు, బ్యాంకు ఖాతాల మీద కూడ ప్రయోగిస్తారు. ఈ పని మనిషి కూర్చుని చేయనక్కరలేదు, కంప్యూటరే క్షణాల్లో చేసి పెడుతుంది. అలాగని ఇరవై ఖాతాలకు ఇరవై పాస్‌వర్డులు జ్ఞాపకం ఉంచుకోవడం ఎవరి తరం?

ఈ చిక్కుకు పరిష్కారమే పాస్‌వర్డ్ మేనేజరు. ఇది ఇనుప పెట్టె వంటిది. ప్రతి ఖాతాకు పొడవైన వేరు వేరు పాస్‌వర్డును తానే తయారు చేసి, రహస్య లిపిలోకి మార్చి దాచిపెడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ వారిది, ఐఫోన్లలో ఆపిల్ వారిది ముందుగానే ఉంటాయి. బిట్‌వార్డెన్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. మరొక లాభమూ ఉన్నది. బ్యాంకు వెబ్‌సైటును పోలిన దొంగ వెబ్‌సైటు తెరిస్తే మన కన్ను మోసపోవచ్చు గాని, చిరునామా సరిపోలనందున మేనేజరు అక్కడ పాస్‌వర్డు నింపదు.

అన్నీ ఒకేచోట పెడితే అదే పోదా అని కొందరు ప్రశ్నించవచ్చు. అది సమంజసమైన ప్రశ్నే. లాస్ట్‌పాస్ అనే సంస్థ నుంచి 2022లో దొంగలు ఖాతాదారుల పెట్టెల నకళ్లను ఎత్తుకుపోయారు. అయితే అవి రహస్య లిపిలో ఉన్నందున, ప్రధాన పాస్‌వర్డు గట్టిగా ఉన్నవారికి ముప్పు తక్కువ. తేలికగా పెట్టుకున్నవారికే ఎక్కువ. కనుక పెట్టె తెరిచే ఆ ఒక్క పాస్‌వర్డు పొడవుగా ఉండాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలను కలిపితే గుర్తుంటుంది, ఇతరులకు అందదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ అయితే దానికి లాక్ తప్పనిసరి. ఇదంతా చేతకాని వృద్ధులు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నా నెట్ సెంటరు పుస్తకం కంటె అది వేయి రెట్లు మేలు. ఐతే ఓటీపీ, యూపీఐ పిన్ మనమే ఇతరులకు చెబితే ఏ పెట్టే కాపాడలేదు.

పరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కాని శిక్ష పడినంత మాత్రాన పోయిన సొమ్ము తిరిగి రాదు. ఖాతాదారు తన రహస్య వివరాలను ఇతరులకు ఇచ్చిన కారణంగా సొమ్ము పోతే, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం అతనిదేనని రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6 నాటి ఉత్తర్వులో స్పష్టం చేసింది. అందుచేత డబ్బు పోయినట్లు తెలిసిన మరుక్షణమే బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ప్రజల జాగ్రత్త ఒక్కటే చాలదు. మీసేవ కేంద్రాలు, నెట్ సెంటర్లలో కీబోర్డును ఖాతాదారుకే ఇచ్చి పాస్‌వర్డు అతని చేతనే కొట్టించాలని, పుస్తకాల్లో రాసి ఉంచరాదని అధికారులు ఆదేశించాలి. కౌన్సెలింగు మొదలు కాకముందే జూనియర్ కాలేజీలు ఈ విషయమై ఒక పూట తరగతి నిర్వహించాలి. గణేశ్ మండపాల వద్ద, బోనాల ఏర్పాట్లలో ముందుండే యువజన సంఘాలు తెలుగు, ఉర్దూ భాషల్లో గల్లీ గల్లీలో ఫోన్లు పట్టుకుని నేర్పితే ఇందుకు పైసా ఖర్చు ఉండదు. వచ్చే అడ్మిషన్ల నాటికైనా గౌలిపుర విద్యార్థుల పాస్‌వర్డులు వారి వద్దనే ఉండేట్లు సంబంధిత అధికారులు శ్రద్ధ వహిస్తారని ఆశిద్దాం.