మా సెట్టింగులు తుడిచెయ్యకండి సార్

మా కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. సాయంత్రం మిషన్లు ఆపేటప్పుడు పిల్లలు మార్చిన సెట్టింగులన్నీ తుడిచేస్తారు. మర్నాడు అంతా మొదటికొస్తుంది. "ముట్టుకుంటే చెడిపోతాయి, ఉన్నదాంతో సర్దుకోండి" అని కారణం చెప్తారు. ఈ నియమం తప్పని నేనంటాను. తెలుగులో చదివే పిల్లలకైతే ఇది రెండింతలు తప్పు.

ఆ "ఉన్నది" ఎవరి కోసం ఉందో ముందు చూడండి. ఎడిటర్‌ను కొత్తగా పెట్టినప్పుడు దాని ఫాంటు, వరసల మధ్య చోటు ఇంగ్లీషు అక్షరాలకు తగినట్టు ఉంటాయి. తమిళానికి కూడా అది చాలావరకు సరిపోతుంది, తమిళంలో కిందికి దిగే ఒత్తులు లేవు గదా. (తమిళం మీద నాకేం కోపం లేదు. హోసూరు బజార్లో పొద్దుణ్ణించి సాయంత్రం దాకా మాట్లాడేది తమిళమే.) మన అక్షరాలు అలా కాదు. "స్త్రీ", "లక్ష్మి", "రాష్ట్రం" రాసి చూడండి. తగిన ఫాంటు పెట్టి, వరసల మధ్య చోటు పెంచకపోతే పైవరస ఒత్తులు కిందివరస గుడుల మీద కూర్చుంటాయి. చదివేవాళ్ళకు అది "క్త"నో "క్క"నో తెలీదు. అందుకే మనకు సెట్టింగులంటే సోకు కాదు, అక్షరం కనబడడం.

మేము వాడేది ఈమాక్స్. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో గ్నూ ఈమాక్స్‌ను విడుదల చేశారు. వాడేవాళ్ళు తమకు తగినట్టు మార్చుకోవాలనే దాన్ని అలా కట్టారు. మార్పులన్నీ ఒక చిన్న ఫైల్లో ఉంటాయి, పేరు ఇనిట్ డాట్ ఈఎల్. మాకు కావలసింది అందులో నాలుగు లైన్లు: తెలుగుకు పోతన ఫాంటు, వరసల మధ్య కొంచెం చోటు, టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్, నిమిషానికోసారి తనంతట తనే దాచుకోవడం. కంట్రోల్‌తో వెనక్కి వాలిన గీత నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారిపోతుంది. తెలుగు టైపింగ్ పద్ధతులు ఈమాక్స్‌లోనే ఉన్నాయి, బయటినుంచి ఏదీ తేనక్కర్లేదు. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి గుణింతాలు, ఒత్తులు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తోంది. ఇంత ఏర్పాటు ఎవరో మనకోసం చేసిపెట్టారు. మేము రాసుకున్న నాలుగు లైన్లను మనం రోజూ చీపురుతో ఊడుస్తున్నాం.

ఇంకో వాదన ఉంది. "సెట్టింగులు ఎక్కువైతే ఎడిటర్ తెరుచుకోవడానికే ఆలస్యమవుతుంది, పాత మిషన్లు." ఇది అబద్ధమని అనను. తెరిచిన ప్రతిసారీ ఈమాక్స్ ఆ ఫైలు మొత్తం చదవాలి, ఫాంట్లు వెతకాలి. అయితే ప్రతిసారీ ఎందుకు తెరవాలి? మా క్లాసులో ఒక్కో పాఠానికీ ఒక ఎడిటర్ తెరిచి, మూసి, మళ్ళీ తెరుస్తారు. బస్టాండు దగ్గర హోటల్లో ఒక్కో దోసెకూ పొయ్యి ఆర్పి, పెనం చల్లార్చి, మళ్ళీ వెలిగిస్తే ఎలా ఉంటుంది? పెనం ఒకసారి కాగితే మధ్యాహ్నం దాకా పోస్తూనే ఉంటారు.

ఈమాక్స్‌లో ఆ కాగిన పెనాన్ని డీమన్ అంటారు. దెయ్యం కాదు, భయపడొద్దు. మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఊహించిన, కనబడకుండా పనిచేసే ఒక జీవిని తలచుకుని పెట్టిన పేరు. లాగిన్ అయినప్పుడు అది ఒక్కసారి మొదలై, సెట్టింగులన్నీ చదువుకుని, తెర మీద ఏమీ చూపకుండా కూర్చుంటుంది. తర్వాత ఈమాక్స్‌క్లయింట్ అని పిలిస్తే కొత్త ఎడిటర్ పుట్టదు. నడుస్తున్నదే ఒక కిటికీ తెరిచి ఫైలు చూపిస్తుంది. కళ్ళు మూసి తెరిచేలోపు వచ్చేస్తుంది. కిటికీ మూసినా లోపలిది బతికే ఉంటుంది: నిన్నటి పీరియడ్‌ది కాదు గానీ, ఈ లాగిన్‌లో కాపీ చేసుకున్న ముక్కలు, తెరిచిన ఫైళ్ళు, వెనక్కి తీసుకోగల మార్పులు అన్నీ ఉంటాయి. ఒకే ఫైలును రెండు ఎడిటర్లలో తెరిచి, ఒకదాని రాత ఇంకోదానితో చెరుపుకునే గోల కూడా తగ్గుతుంది. అట్లా తెరిచినదాన్ని మార్చబోతే ఈమాక్స్ ఆపి అడుగుతుంది నిజమే, అడిగింది చదవకుండా ఏదో ఒక కీ నొక్కేది మేమే.

దీనికీ ఇబ్బందులున్నాయి. సెట్టింగుల ఫైలు మారిస్తే నడుస్తున్న డీమన్‌కు ఆ సంగతి తెలీదు, మళ్ళీ చదవమని చెప్పాలి. అది పడిపోతే అన్ని కిటికీలూ ఒకేసారి పోతాయి, అందుకే ఆ నాలుగో లైను. "తర్వాత వచ్చే పిల్లవాడు నీ వ్యాసం చూడడా?" అని ఒక టీచరమ్మ అడిగారు. మంచి ప్రశ్న. ఎవరి లాగిన్ వాళ్ళదైతే ఎవరి డీమన్ వాళ్ళది, ఇంకొకరు దాన్ని పిలవలేరు. అందరూ ఒకే లాగిన్ వాడితేనే చిక్కు. లాగౌట్‌తో పాటు అదీ ఆగేట్టు పెట్టొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ళు "దీనికి మార్కులొస్తాయా" అంటారు. రావు. కానీ ఈ పత్రికలో తెలుగు పేజీలు టైపు చేసేది మేమే. నలభై నిమిషాల పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఫాంటు వెతకడానికే పోతే, పోయేది ఎవరి వ్యాసం? తెలుగు సెక్షన్‌దే. ఇంగ్లీషు పేజీ వాళ్ళు అప్పటికే రెండో పేరాలో ఉంటారు.

మేము అడిగేది పెద్దదేం కాదు. ఒక్కొక్కరి ఫోల్డర్లో ఆ ఒక్క ఫైలును తుడవకుండా వదలండి. తెర మీది బొమ్మ నొక్కితే ఈమాక్స్ బదులు ఈమాక్స్‌క్లయింట్‌ను పిలిచేట్టు మార్చండి. దాని పక్కన మైనస్ సి, తర్వాత మైనస్ ఎ, ఆ తర్వాత ఖాళీ కొటేషన్ గుర్తులు పెడితే చాలు. డీమన్ నడవకపోతే అదే మొదలుపెట్టుకుంటుంది. ఒక మిషన్‌లో చేసి చూపించడానికి శనివారం మధ్యాహ్నం మేం ముగ్గురం ఉంటాం. ల్యాబ్ తాళం ఇప్పిస్తే చాలు సార్.