పది వేళ్లలో పట్టినంత సంగీతం

పియానో ట్రాన్స్‌క్రిప్షన్ అంటే ఏంటో ముందు రెండు ముక్కల్లో చెప్తాను. ఆర్కెస్ట్రా కోసమో, వయొలిన్ కోసమో, ఆర్గన్ కోసమో రాసిన సంగీతాన్ని ఒక్క పియానో మీద వాయించేలా తిరగరాయడం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినేవాళ్లలో చాలామందికి దీని మీద చిన్నచూపు. "అసలుది ఉండగా నకలెందుకు? అదంతా వేళ్ల సర్కస్" అంటారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. సర్కస్ ఉన్నమాట నిజమే, కానీ అన్నీ సర్కస్ కావు. ఏది సర్కసో, ఏది సంగీతమో తేల్చుకోవడానికి ఒక కొలత ఉందని నా వాదన.

ముందు అవసరం సంగతి చూద్దాం. రికార్డింగులు లేని రోజుల్లో ఒక సింఫనీ వినాలంటే ఆర్కెస్ట్రా ఉన్న ఊళ్లో ఉండాలి, వాళ్లు అదే సింఫనీ వాయించే రోజు కోసం ఎదురుచూడాలి. బెర్లియోజ్ రాసిన 'సింఫనీ ఫాంటాస్టిక్'ని ఫ్రాంజ్ లిస్ట్ పియానోకి మార్చి, 1834లో సొంత డబ్బులతో అచ్చు వేయించాడు. మరుసటి ఏడు జర్మనీలో రాబర్ట్ షూమన్ ఆ సింఫనీ మీద పెద్ద సమీక్ష రాశాడు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఆర్కెస్ట్రా స్కోరు కాదు, లిస్ట్ రాసిన ఈ పియానో ప్రతే!

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చింది. ఇప్పుడైతే ఏ సింఫనీ అయినా మన ఫోన్లోనే ఉంది. అవసరం తీరిపోయింది. మరి ఇంకా ఎందుకు వాయిస్తున్నారు?

బేతోవెన్ తొమ్మిది సింఫనీలనీ లిస్ట్ పియానోకి మార్చాడు. ఇందులో చిక్కేంటంటే, వయొలిన్ స్వరాన్ని బో లాగినంతసేపూ నిలబెట్టగలదు. పియానో స్వరం మీట నొక్కిన క్షణం నుంచే తగ్గిపోతూ ఉంటుంది. పైగా ఉన్నవి పది వేళ్లు. అందుకని లిస్ట్ కొన్నిచోట్ల స్వరాల్ని వేగంగా వణికిస్తూ నిలబెట్టాడు, కొన్నిచోట్ల కొన్ని గొంతులు వదిలేశాడు. మన భాషలో ఇది లాసీ కంప్రెషన్. ఏ డేటా వదిలేస్తే ప్రాణం పోదో తెలియడమే అసలు విద్య. గ్లెన్ గూల్డ్ 1960లలో రికార్డు చేసిన ఐదో సింఫనీ వినండి. వాద్యాల రంగులు తీసేసరికి లోపలి గీతలు బయటపడతాయి.

ఇంకా గట్టి ఉదాహరణ బాఖ్ రాసిన చకోన్. ఒక్క వయొలిన్ కోసం రాసిన, సుమారు పావుగంట సాగే రచన. వయొలిన్‌కి ఉన్నవి నాలుగు తీగలు. నాలుగింటినీ ఒకేసారి మోగిస్తూ నిలబెట్టడం కుదరదు కాబట్టి కార్డ్స్‌ని విరిచి వాయించాలి. మిగతాది వినేవాడి చెవి పూరించుకుంటుంది. బుసోని 1890లలో దీన్ని పియానోకి రాసినప్పుడు మొత్తం కీబోర్డు వాడేశాడు. కింద బరువైన ఆక్టేవులు, పైన నిండు కార్డ్స్, చర్చిలో ఆర్గన్ మోగుతున్నట్టు ఉంటుంది. అంతకుముందే, 1877లో, బ్రామ్స్ ఇదే చకోన్‌ని ఎడమచేతికి మాత్రమే రాశాడు. కుడిచెయ్యి ఊరికే ఒళ్లో ఉంటుంది! వయొలిన్ వాయించేవాడి ఇబ్బందికి దగ్గరగా వెళ్లడానికి ఇదే దారి అన్నట్టుగా క్లారా షూమన్‌కి ఉత్తరం రాశాడు. రెండు చేతులతో సుఖంగా వాయిస్తే ఆ బిగువు పోతుంది మరి.

సాహితీ క్లబ్బులో ఉన్నాం కాబట్టి అనువాదంతో పోల్చకుండా ఉండలేను. బుసోనిది స్వేచ్ఛానువాదం. బ్రామ్స్ మాత్రం మూలంలోని అర్థంతో పాటు అందులోని పెనుగులాటని కూడా అనువదించాడు. నా ఓటు బ్రామ్స్‌కే. అలాగని బుసోనిది తప్పు అనను. బాఖ్ ఆ నాలుగు తీగల మీద ఎంత పెద్ద కట్టడాన్ని ఊహించి ఉంటాడో బుసోని మనకి వినిపిస్తాడు.

నా కొలత ఇదే: ఆ కష్టం ఎవరి కోసం? మూలంలో ఉన్నదాన్ని వినిపించడానికి పడిన కష్టమైతే, ఎన్ని స్వరాలున్నా అది సంగీతమే. వాయించేవాణ్ణి చూపించడానికే అయితే, రెండోసారి వినేటప్పటికి ఖాళీగా అనిపిస్తుంది. "మరి హోరోవిట్జ్ 'స్టార్స్ అండ్ స్ట్రైప్స్' సంగతేంటి?" అని మీరు అడగొచ్చు. సూసా రాసిన బ్యాండు మార్చ్‌ని ఆయన పియానో మీద వాయిస్తుంటే చివర్లో మూడో చెయ్యేదో పికోలో వాయిస్తున్నట్టే ఉంటుంది. అది ప్రదర్శనే, కాదనను. కానీ బ్యాండు మార్చ్ పుట్టిందే సంబరం కోసం కదా. అక్కడ ఆర్భాటం మూలానికి ద్రోహం కాదు.

ఇదంతా యూరప్ గొడవ, మనకెందుకు అనుకోకండి. మన హాస్టళ్లలో 61 మీటల కీబోర్డు మీద సినిమా పాటల్ని వాయించే ప్రతివాళ్లూ చేస్తున్నది ఈ పనే. ఫెస్టులో ఎక్కువ ఈలలు పడేది వేగానికి. ఫాస్ట్ రన్ ఒకటి వేస్తే చాలు, పాట ఎక్కడికి పోయిందో ఎవరూ అడగరు. నేనూ వాయిస్తాను కాబట్టి ఆ ఈలల రుచి నాకూ తెలుసు. కానీ పాటలో ఫ్లూట్ ఒక్కటే పలికే ఆ నాలుగు సెకన్లలో ఎడమచేతిని ఆపేసే ధైర్యం ఉన్నవాణ్ణే నేను గొప్ప ప్లేయర్ అంటాను.

ఈ వారాంతం ఒక గంట తీసుకోండి. చకోన్‌ని ముందు వయొలిన్ మీద, తర్వాత బుసోని, తర్వాత బ్రామ్స్, వరసగా వినండి. నా ఓటు తప్పంటే వచ్చే సంచికకి జవాబు రాయండి.