‘క్త్వార్థకం’ అని రాస్తే చాలా?

మన బడుల్లో అసమాపక క్రియల (వాక్యాన్ని ముగించని క్రియారూపాల) పాఠం పేరు చెప్పడంతో ముగిసిపోతోంది. ‘వెళ్ళి’ కింద గీత గీసి అదేమిటని అడిగితే క్త్వార్థకం, ‘వెళ్తూ’ అయితే శత్రర్థకం, ‘వెళ్తే’ అయితే చేదర్థకం. పిల్లలు చివరి అక్షరం చూసి జవాబు రాసేస్తారు, మార్కు పడుతుంది. ఆ క్రియ వాక్యంలో ఏం చేస్తోందన్న ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు. తెలుగులో ఎన్ని పనులను వరసగా చెప్పినా సమాపక క్రియ సాధారణంగా చివర ఒక్కటే వస్తుంది. తక్కిన బరువంతా మోసేవి ఈ ‘అసంపూర్ణ’ రూపాలే. వ్యాకరణం నేర్పాల్సింది వాటి పేరు కాదు, వాటి నడత.

కర్త సంగతే చూడండి. సంస్కృతంలో క్త్వా ప్రత్యయానికి పాణిని పెట్టిన షరతు రెండు పనులకూ కర్త ఒకరే కావాలని. మనం పేరుతోపాటు ఆ షరతునూ అరువు తెచ్చుకున్నాం. ‘సీత వచ్చి రాము వెళ్ళాడు’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది కనుక షరతు తెలుగుకూ సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ‘పిడుగు పడి ఇద్దరు మరణించారు’, ‘వాన కురిసి చెరువు నిండింది’ అన్న వాక్యాల్లో కర్తలు వేరు, తప్పు ఎవరికీ తోచదు. మొదటి పని ఎవరూ కావాలని చేసింది కాక, రెండోదానికి కారణమైనప్పుడు తెలుగు ఆ షరతును సడలిస్తుంది. అంతటితోనూ తెమలదు: ‘ఆయన పోయి ఏడాదైంది’లో కారణమూ లేదు, కర్తా ఒకటి కాదు, ఉన్నదల్లా కాలం లెక్క. కాలమంటే గుర్తొచ్చింది, ‘వచ్చి’ని భూతకాలికమనడమూ ఉంది. ‘రేపు వచ్చి తీసుకెళ్తాను’లో భూతకాలం ఎక్కడుంది? ఆ రూపం చెప్పేది ముందు వెనకలే. ఏ కాలమో తేల్చేది చివరి క్రియ. చేదర్థకం పేరూ అంతే: ‘అలా అయితే’ అన్న షరతును చెప్పేదని దాని అర్థం, కానీ ‘నిన్న బ్యాంకుకు వెళ్తే తాళం వేసి ఉంది’ అన్న వాక్యంలో అలాంటి షరతు జాడే లేదు.

మాతృభాష వాళ్ళకు ఇవన్నీ చెప్పకుండానే తెలుసు కదా అని ఒక అభ్యంతరం. మాటల్లో తెలుసు, నిజమే. రాతలో మాట విరుపు, స్వరం తోడు ఉండవు. ‘అధికారులు విచారణ జరిపి చర్య తీసుకోలేదు’ అని రాస్తే విచారణ జరిగిందా, లేదా? జరిగింది, చర్యే లేదని ఒక అర్థం. రెండూ జరగలేదని మరొకటి. చర్య తీసుకున్నారు గానీ విచారణ జరిపి కాదని ఇంకొకటి. ‘లేదు’ అన్న మాట ఎంత దూరం వెనక్కి పోతుందో అసమాపక క్రియ చెప్పదు, రాసేవాడే కట్టడి చెయ్యాలి. ‘విచారణ జరిపినా’ అంటే మొదటి అర్థం ఖాయమవుతుంది. ‘విచారణ జరపకుండానే చర్య తీసుకున్నారు’ అంటే మూడోది. వార్తలోనో ప్రభుత్వ ఉత్తర్వులోనో ఈ తేడా చిన్నది కాదు.

సంప్రదాయాన్ని తోసిపుచ్చుతున్నారనేది ఇంకో అభ్యంతరం. పేర్లు ఉండనివ్వండి, వాటితో పేచీ లేదు. అయితే 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం వివరించింది కావ్యభాషను. నేటి వాక్యానికి అది ఒక్కటే కొలత కాలేదు. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ 1975లోనే వచ్చింది, భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్‌ల ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో. ఈ పరిశీలన విశ్వవిద్యాలయాల గడప దాటి బడి పుస్తకంలోకి దిగింది తక్కువ. పిల్లలకు ఇది కష్టమవుతుందన్న వాదన కూడా నిలవదు. ‘సీత వచ్చి రాము వెళ్ళాడు’, ‘పిడుగు పడి చెట్టు కూలింది’ పక్కపక్కన రాసి, మొదటిది ఎందుకు కుదరలేదని అడగడానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు. దిద్దేవాళ్ళకు మాత్రం ఒక్క మాట జవాబుకు మార్కు వేసినంత సులువుగా ఉండదు.