సంచి తేలికైతే చాలదు



సంక్రాంతి సెలవుల్లో మన సంఘ యౌవనస్థులు మూడు రోజులు అరకు, అనంతగిరి వైపు కొండల్లో నడవాలని అనుకున్నప్పటి నుంచి మా ఫోనుకు వచ్చే ప్రశ్నల్లో సగం సంచి గురించే. "అయ్యగారూ, ఏ బ్యాగు కొనమంటారు?" అని పిల్లలు. "ఉన్న కాలేజీ బ్యాగుతో సరిపెట్టుకోకూడదా పాస్టరుగారూ?" అని తల్లిదండ్రులు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు అందరికీ ఇక్కడే రాస్తున్నాం. పరిచర్య పని మీద ఏళ్ల తరబడి ఆ కొండ దారుల్లో నడుస్తున్నాం కాబట్టి ఈ విషయంలో మాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఉన్నాయి.

ముందు తల్లిదండ్రులకు జవాబు. కాలేజీ బ్యాగు సరిపోదు. అది బస్సు దిగి క్లాసురూము దాకా నడవడానికి కుట్టిన సంచి. దాని బరువంతా రెండు భుజాల మీదే వేలాడుతుంది. గంట నడిస్తే తెలియదు. రెండో రోజు మధ్యాహ్నానికి మెడ నరాలు పట్టేస్తాయి, మనిషి ముందుకు వంగిపోతాడు, కళ్లు నేల మీదే ఉంటాయి. కొండ చూద్దామని వెళ్లి చెప్పులు చూసుకుంటూ తిరిగొస్తాడు.

బహుదూరం నడిచే సంచికి ప్రాణం భుజం పట్టీల్లో ఉండదు, నడుం బెల్టులో ఉంటుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా మరచిపోయినా ఫరవాలేదు. దళసరి మెత్త ఉన్న వెడల్పాటి బెల్టు తుంటి ఎముకల అంచు మీద కూర్చుని బిగిస్తే బరువులో ఎక్కువ భాగం కాళ్లకు దిగిపోతుంది. భుజం పట్టీలు సంచి వెనక్కి వాలకుండా పట్టుకుంటాయి, అంతే. కొన్ని చవక సంచులకు నడుం దగ్గర రెండు వేళ్ల వెడల్పున సన్నటి నాడా ఒకటి వేలాడుతుంటుంది. అది సంచి ఊగకుండా ఆపుతుంది గానీ బరువు మోయదు. దుకాణంవాడు దాన్ని చూపించి "ఇదిగో బెల్టు కూడా ఉంది" అంటే నమ్మకండి.

బరువు మొయ్యడం గురించి మన ప్రాంతానికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. విశాఖ పోర్టు 1933లో తెరుచుకున్న నాటి నుంచి ఎన్ని తరాల కళాసీలు ఆ బస్తాల కింద నడుములు వంచారో మన ఇళ్లలోని తాతలే చెబుతారు. ఏజెన్సీ సంతకు వచ్చే అన్నను చూడండి. కావిడి బద్దకు రెండు వైపులా సమానంగా కట్టి, బద్ద ఊపుకు తన అడుగు కలిపి, పరుగులాంటి నడకతో దిగుతాడు. ఒక పక్క కిలో ఎక్కువైనా ఆగి సర్దుకుంటాడు. బరువు ఎంత అన్నది ఒక లెక్క, అది ఒంటికి ఎక్కడ ఆనుతుంది అన్నది ఇంకో లెక్క. లక్షల జీతాల ఇంజినీర్లు గీసిన సంచిలోనూ ఈ రెండు లెక్కలే ఉన్నాయి.

అందుకే సంచి పొడవు మీ ఎత్తును బట్టి కాదు, మీ వీపును బట్టి చూసుకోవాలి. తల కిందికి వంచితే మెడ మొదట్లో ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కడ టేపు పెట్టండి. రెండు చేతులూ తుంటి ఎముకల మీద పెట్టుకుని బొటనవేళ్లు వెనక్కి తిప్పితే, ఆ రెండు వేళ్ల మధ్య గీత ఎక్కడ పడుతుందో అక్కడిదాకా కొలవండి. అదీ మీ వీపు కొలత. ఆరడుగుల మనిషికి వీపు పొట్టిగా, కాళ్లు పొడుగ్గా ఉండొచ్చు. అన్న సంచి తమ్ముడికి సరిపోతుందన్న హామీ లేదు. ఆడపిల్లల సంగతి మరీ పట్టించుకోవాలి. భుజాలు ఇరుకుగా, తుంటి వెడల్పుగా ఉండేవాళ్లకు మగవాళ్ల సంచి పట్టీలు చంకల్లో ఒరుసుకుంటాయి. వాళ్ల కోసం వేరుగా కుట్టిన సంచులు దొరుకుతున్నాయి. "ఇంట్లో ఒకటి ఉందిగా, చెల్లి కూడా అదే వేసుకుంటుంది" అనే నాన్నగార్లకు ఇది ప్రత్యేక మనవి.

ఖాళీ సంచి ఏదైనా హాయిగానే ఉంటుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు ఏడెనిమిది కిలోల బియ్యం పట్టుకెళ్లండి. సిగ్గుపడకండి. లోపల పెట్టి, పట్టీలన్నీ వదులు చేసి, ముందు నడుం బెల్టు, తర్వాత భుజం పట్టీలు, ఆఖర్న ఛాతీ నాడా బిగించి ఇరవై నిమిషాలు తిరగండి. మెట్లుంటే ఎక్కి దిగండి. సౌలు కవచం రాజుగారిదే, మంచి సరుకే. అయినా అలవాటు లేనిది ఒంటి మీద వేసుకుని యుద్ధానికి వెళ్లలేనని దావీదు విప్పేసి, తన గొర్రెల కాపరి సంచితోనే వెళ్లాడు. ఆ పిల్లవాడికి ఉన్న తెలివి అమ్మకందారు పొగడ్తల మధ్య మనకూ ఉండాలి.

ఇక "తేలిక" అన్న మాట. 50 లీటర్ల మామూలు ట్రెక్కింగ్ సంచి ఖాళీగానే కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా తూగుతుంది. కిలో లోపు ఉండేవీ వస్తున్నాయి, కానీ వాటిలో చాలావాటికి లోపల గట్టి చట్రం ఉండదు. లోపలి సామాను కూడా తక్కువైతేనే అవి సుఖం. పన్నెండు కిలోలు కుక్కితే ఆ తేలిక సంచే బియ్యం బస్తాలా వీపు మీద ముద్దయి కూర్చుంటుంది. మూడు రోజులకు 40 నుంచి 50 లీటర్లు చాలు. పెద్దది కొన్నారా, అటక ఉన్న ఇంట్లో పాత సామాను చేరినట్టు ఏదో ఒకటి చేరుతూనే ఉంటుంది. వీపుకు గాలి తగలాలని వల బిగించిన సంచుల మీద మోజు పడుతున్నారు. విశాఖ ఉక్కపోతకు బాగుంటాయి గానీ, జనవరిలో ఆ కొండల మీద చెమట కన్నా చలే సమస్య. పైగా ఆ వల బరువును ఒంటికి కాస్త ఎడంగా ఉంచుతుంది. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

అసలు బరువు సంచిది కాదు, లోపలిది. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే రైతు కుటుంబపు అమ్మ ఉండేది. పదకొండుమంది బిడ్డల తల్లి. 1955లో 67 ఏళ్ల వయసులో అపలేచియన్ ట్రెయిల్ అనే 3,000 కిలోమీటర్లకు పైబడిన కొండదారిని ఒంటరిగా, ఒకే విడతలో నడిచి పూర్తిచేసింది. అలా పూర్తిచేసిన మొదటి స్త్రీ ఆమే. ఆమె సంచి ఇంట్లో కుట్టుకున్న గుడ్డసంచి, ఒక భుజాన వేసుకునేది. నడుం బెల్టు లేదు, చట్రం లేదు. గుడారం కూడా లేదు. ఒక దుప్పటి, వానకోటు, వానకు కప్పుకోవడానికి స్నానాలగది ప్లాస్టిక్ తెర. మోసేదే అంత తక్కువైతే ఏ సంచైనా మంచి సంచే. మన పిల్లలు రాసుకున్న జాబితాలో మాకు కనిపించినవి: మూడు జీన్స్ ప్యాంట్లు, స్టీలు క్యారేజీ, స్పీకరు, రెండేసి పవర్ బ్యాంకులు, ఒక గిటారు. తడిసిన జీన్స్ ఎంత బరువుంటుందో బట్టలుతికే అమ్మను అడగండి.

ఆరోగ్యవంతుడైన పెద్దవాడు తన ఒంటి బరువులో ఐదో వంతు దాటి మొయ్యకూడదని కొండలెక్కేవాళ్ల లెక్క. 60 కిలోల మనిషికి పన్నెండు. మొదటిసారి వచ్చేవాళ్లు తొమ్మిది దాటొద్దని మా మాట. రెండు లీటర్ల నీళ్లే రెండు కిలోలు, మరిచిపోకండి. బడి పిల్లల సంచి ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని కేంద్ర ప్రభుత్వం 2020లోనే విధానం రాసింది. మనతో వచ్చే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆ లెక్కే వర్తింపజేస్తాం. సర్దేటప్పుడు పరుపుసంచి అడుగున, బియ్యం, నీళ్లు లాంటి బరువైనవి వీపుకు ఆనించి రెక్కల మధ్య ఎత్తున, తేలికవి బయటి వైపు. పైన తొడిగే వానతొడుగును నమ్ముకోకుండా లోపల ఒక దళసరి ప్లాస్టిక్ సంచి వేసి అందులో బట్టలు పెట్టండి.

మేము ఇంత పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. సంచి తప్పుగా ఎంచుకున్నవాడు రెండో రోజుకు దాన్ని మోయలేడు. అప్పుడు గూడెంలో ఒక కుర్రాణ్ణి పిలిచి, వందో రెండొందలో చేతిలో పెట్టి, ఆ గిటారుతో సహా వాడి వీపుకు ఎత్తుతాడు. ఇది మేము చాలామంది యాత్రికుల దగ్గర చూశాం. గలతీ పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు బరువుకు రెండు మాటలు వాడాడు. రెండో వచనంలో 'బారోస్', ఐదో వచనంలో 'ఫోర్తియోన్'. మన తెలుగు బైబిలు కూడా ఒకదాన్ని భారమని, ఇంకోదాన్ని బరువని వేరు చేసింది. మొదటిది మనిషిని కుంగదీసేది, పక్కవాడు చెయ్యి వెయ్యాల్సింది. రెండోది ఎవరి మూట వాళ్లదే. అదే కొండల్లో ఇప్పటికీ రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణులను కర్రకు దుప్పటి కట్టిన డోలీలో వేసుకుని, వాగులు దాటి, అన్నదమ్ములు మోసుకొస్తున్నారు. బారోస్ అంటే అది. అది మోసే భుజాల మీదకు మన స్పీకరును ఎక్కించడం మాకు సమ్మతం కాదు. ఎవరికైనా నిజంగా ఒంట్లో బాగోలేక మనిషిని పెట్టుకోవాల్సి వస్తే, నడుం బెల్టున్న మంచి సంచి ఆ మనిషికి ఇవ్వాలి, పది కిలోలు దాటనివ్వకూడదు, కూలి ముందే మాట్లాడుకుని పూర్తిగా ఇవ్వాలి.

డబ్బు సంగతి. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని మీద బతికే ఇళ్లు మన సంఘంలో చాలా ఉన్నాయి. ఏడాదికి మూడు రోజులు వాడే సంచికి ఆ ఇళ్లు వేలు పెట్టక్కర్లేదు. సంఘం తరఫున వేర్వేరు వీపు కొలతల్లో ఆరు సంచులు కొని ఉంచాలని పెద్దల ముందు ప్రతిపాదన పెడుతున్నాం. బెల్టు, కుట్లు, జిప్పులు బాగున్న పాత సంచి ఎవరి దగ్గరైనా ఉంటే కొనకముందే చెప్పండి.

వచ్చేవాళ్లందరూ శనివారం సాయంత్రం యౌవనస్థుల కూడికకు సర్దిన సంచితోనే రండి. కిరాణా కొట్టు నుంచి కాటా తెప్పిస్తున్నాం. అందరివీ తూస్తాం, గిటారుతో సహా. టేపు మా దగ్గర ఉంది.