పెట్టెల్లో వచ్చిన విమానాలు

మన పిల్లలు ఫోన్లలో ఆడే యుద్ధం ఆటల్లో ఒకటి ఈమధ్య పక్కన కూసొని చూసిన. రెండో ప్రపంచ యుద్ధం. ఆటలో 1941 డిసెంబరు నడుస్తున్నది, జపాన్ సైన్యం మలయాలో దిగుతున్నది. ఇంగ్లీషోళ్ల పక్షాన ఆడే పిల్లగాడు సింగపూర్‌లో వరుసగా స్పిట్‌ఫైర్ విమానాలు నిలబెట్టి జపాన్ వాళ్లను తరిమేసిండు. "ఇంత అల్కగ గెల్వొచ్చు తాతా, ఇంగ్లీషోళ్లు ఉత్త దద్దమ్మలు" అన్నడు.

ఆ మాట నాకు నచ్చలేదు. ఇంగ్లీషోళ్ల మీద ప్రేమ ఉండి గాదు. లెక్క తప్పు గనుక.

స్పిట్‌ఫైర్ 1938లోనే వాళ్ల వాయుసేనలో చేరింది, నిజమే. ఆట చేసినోళ్లు ఆ సంవత్సరం చూసి, 1941లో ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోమని ఇచ్చేసిన్రు. కాని ఆ డిసెంబరులో సింగపూర్‌లో యుద్ధం చేసే స్పిట్‌ఫైర్ ఒక్కటి గూడ లేదు. ఉన్నవి అమెరికాలో తయారైన బ్రూస్టర్ బఫెలోలు. జపాన్ విమానాల ముందట అవి ఆగలేదు. మన దేశానికే ఫైటర్ స్పిట్‌ఫైర్లు 1943లో గాని రాలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డనాటికి గూడ అవి ఇక్కడ లేవు.

మరి సింగపూర్‌కు సాయం పోలేదా అంటే, పోయింది. 1942 జనవరిలో 51 హరికేన్ విమానాలు ఓడ మీద దిగినయి. ఎగురుకుంట రాలేదు. ముక్కలుగా విప్పి, పెట్టెల్లో పెట్టి పంపిన్రు. వాటితోని వచ్చిన పైలట్లు 24 మంది.

మిల్లులో చేసినోళ్లకు ఇది వేరే చెప్పాల్నా? కొత్త సాంచా పెట్టెలో దిగిన రోజే బట్ట రాదు. ఫిట్టర్లు బిగించాలె, జాబరు నడిపి చూడాలె, ఒక చిన్న పుర్జా తక్కువైతే సాంచా మూలకే. అయినా మన పని నయం. ఒక నేతగాడు రెండు సాంచాలు నడుపుతడు, కొందరు నాలుగు గూడ. హరికేన్‌కు మనిషికి ఒక్కటే.

అక్కడి మెకానిక్కులు మాత్రం గట్టోళ్లు. కొద్ది రోజుల్లోనే విమానాలు బిగించిన్రు. వాళ్ల సంగతి ఏ ఆటలోనూ కనపడదు, బొత్తాం నొక్కితే విమానం తయారు. పైగా ఆ హరికేన్లకు దుమ్ము ఆపే పెద్ద ఫిల్టర్లు తగిలించి ఉండె. తుపాకులు గూడ ఎనిమిది కాదు, పన్నెండు. ఆ బరువుతోని పైకెక్కడం నెమ్మదయింది. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది.

ముందుగాల ఎందుకు పంపలేదని అడగొచ్చు. అది మంచి ప్రశ్న. 1941 ఆగస్టు ఆఖరు నుంచి ఇంగ్లండు తన హరికేన్లను రష్యాకు పంపుతున్నది. అక్కడ జర్మనీ సైన్యం మాస్కో దిక్కు పోతున్నది. ఇంకొన్ని విమానాలు ఆఫ్రికా ఎడారిలో కావాలె. ఉన్న బట్ట ఒక్కటే, కప్పుకునేటోళ్లు ముగ్గురు.

కనుక ఆటలో సింగపూర్‌కు ఎక్కువ విమానాలు పంపనియ్యండి, తప్పు లేదు, ఆట అన్నంక మార్చి చూడాలె గదా. కాని పంపినన్ని రష్యాలోనో ఎడారిలోనో తగ్గాలె. ఓడ ప్రయాణానికి వారాలు పోవాలె. పెట్టెలు విప్పి బిగించేదాకా ఒక్క విమానం గూడ లేవొద్దు. 51 విమానాలు దిగినా, మొదట ఎగిరేది 24 మందే ఉండాలె.