గుడారం కన్నా సంచే మేలు, దోమతెర ఉంటేనే!



సంక్రాంతి సెలవులకు ముందు కొండమీద రెండు రాత్రులు ట్రెక్కింగ్ ఉంటుందని ప్రేయర్‌లో చెప్పిన దగ్గర్నించి మెస్‌లో, స్టడీ అవర్‌లో ఒకటే చర్చ. గుడారాలు కొనాలా, బివ్వీ బ్యాగులు కొనాలా? ఎక్కువమంది గుడారమే అంటున్నారు. నేను మాత్రం బివ్వీ బ్యాగే మేలంటాను. అలాగని ఏది దొరికితే అది కొనేయమని కాదు.

అసలు అదేమిటో ముందు చెప్పుకుందాం. స్లీపింగ్ బ్యాగ్ మన దుప్పటిలాంటిది, వెచ్చదనం కోసం. దానిపైన తొడిగే గలీబులాంటిది బివ్వీ బ్యాగ్. మంచు, గాలి, చిరుజల్లు లోపలికి రాకుండా ఆపుతుంది. అది ఒక్కటే కప్పుకుంటే చలి ఆగదు. లంబసింగి, చింతపల్లి వైపు కొన్నేళ్లు 5 డిగ్రీల కంటే కిందికి దిగిన చలి మనకు తెలియనిదా! లోపల స్లీపింగ్ బ్యాగో, రెండు రగ్గులో ఉండాల్సిందే. కింద చాప కూడా కావాలి. ఎందుకంటే పైనుంచి వచ్చే చలికన్నా నేల లాగేసే వేడే ఎక్కువ.

గుడారం కావాలనేవాళ్లు ఒక మాట అంటున్నారు. "గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు కదా, అక్కడ గుడారాలే కదా వాడేది" అని. నిజమే. కానీ ఎవరెస్టు గాలి వేరు, మన కొండ గాలి వేరు. మనం పొద్దున్నే ఎక్కాలి, అన్నం గిన్నెలు, నీళ్లు కూడా మోయాలి. ఇద్దరు పట్టే మామూలు గుడారం చాలావరకు రెండు కేజీల పైమాటే. బివ్వీ బ్యాగ్ చాలావరకు కేజీ లోపే. ఎవరిది వాళ్లే మోసుకోవచ్చు. చదును నేల కోసం వెతకక్కర్లేదు, మనిషి పట్టేంత జాగా చాలు.

ఇక తక్కువ ధరకు వచ్చే ప్లాస్టిక్ సంచుల సంగతి. అవి వద్దే వద్దు. రాత్రంతా మన ఒంట్లోంచి, ఊపిరిలోంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. ప్లాస్టిక్‌లో అది బయటకు పోదు. తెల్లారేసరికి బయట మంచుకు తడవని దుప్పటి లోపలి చెమటకు తడుస్తుంది. ఆవిరిని బయటకు వదిలి నీటిని ఆపే గుడ్డ ఉంటుంది, గోర్‌టెక్స్ లాంటిది. ధర ఎక్కువే గానీ కొంటే అలాంటిదే కొనాలి. అందులోనైనా ముఖం లోపల పెట్టి మూతి మూసుకోకూడదు. ఆవిరి ఎటూ పోదు, ఊపిరి కూడా ఆడదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది దోమతెర. పోడు కాపలాకు మన పెద్దలు మంచె కట్టుకుని పైన పడుకుంటారు. ఊరికే కాదు. నేల మీద పడుకున్నవాళ్లనే రాత్రిపూట కట్లపాము కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలీదు. మలేరియా దోమ సంగతి ఈ ఏజెన్సీలో ఎవరికి చెప్పాలి! సంచి మనల్ని నేల మీదే పడుకోబెడుతుంది. కాబట్టి ముఖం దగ్గర సన్నని తెర, పూర్తిగా మూసుకునే జిప్పు ఉన్న రకమే కావాలి. తెరలేని సంచి కన్నా గుడారమే నయమని నేనూ ఒప్పుకుంటాను. వానాకాలంలో అయితే ఏ సంచీ వద్దు, ఆ ట్రెక్కే వద్దు.

వాడేటప్పుడు కొన్ని గుర్తుపెట్టుకోండి. గెడ్డ ఒడ్డున, పల్లంలో పడుకోవద్దు. చలిగాలి పల్లంలోకే దిగుతుంది. నెగడు పక్కన గొంగళి కప్పుకున్నట్టు ఈ సంచితో పడుకోకండి. ఒక్క నిప్పురవ్వ చాలు, గుడ్డకు చిల్లు పడుతుంది. చీకట్లో లోపలినుంచి జిప్పు తీయడం హాస్టల్లోనే ప్రాక్టీసు చేయండి. పొద్దున లేవగానే తిరగేసి ఎండలో ఆరేయండి. తడిగా మడిస్తే బూజు పడుతుంది.

వార్డెన్ సార్‌కి, మేడమ్ గారికి ఒక్క విన్నపం. అందరికీ ఒకేసారి కొనకుండా ముందు రెండే తెప్పించండి. పొడవైన ఒకరిని, పొట్టి ఒకరిని హాస్టల్ ఆవరణలో ఒక రాత్రి పడుకోనివ్వండి. లోపలి దుప్పటి నలగకుండా పట్టేంత వెడల్పు ఉందా, తెల్లారి తడిసిందా, తెరలోకి దోమ దూరిందా అని చూసి అప్పుడు మిగతావి కొనండి. డబ్బులు మన హాస్టల్‌వి, నిద్ర మనది, ప్రాణమూ మనదే.

ఇది నా అభిప్రాయం. గుడారమే గొప్ప అనేవాళ్లు వచ్చే సంచికలో రాయండి, చదువుతాను.

— 9వ తరగతి విద్యార్థి