ప్రవేశ పరీక్ష పెట్టి ఎదిగిన బిలిబిలి

వీడియో చూద్దామని వచ్చినవాడి చేతిలో వంద ప్రశ్నల పేపరు పెడితే ఏం చేస్తాడు? పక్క దుకాణానికి పోతాడు. ఇంటర్నెట్ వ్యాపారంలో ఓనమాలు దిద్దినవారెవరైనా ఈ మాటే అంటారు. చైనా వీడియో వేదిక బిలిబిలి మాత్రం ఏళ్ల తరబడి ఆ పనే చేసింది. చూడటానికి అడ్డేమీ లేదు. పూర్తిస్థాయి సభ్యుడై స్వేచ్ఛగా కామెంట్లు పెట్టాలంటే మాత్రం పరీక్ష రాసి 60 మార్కులు తెచ్చుకోవాలి. కథ ముగింపు ముందే బయటపెట్టొచ్చా, ఇతరుల అభిరుచిని వెక్కిరించొచ్చా వంటి మర్యాద ప్రశ్నలతో పాటు జపాన్ యానిమేషన్ చిత్రాలైన యానిమే మీద చిక్కు ప్రశ్నలూ అందులో ఉండేవి. 2017 చివరికి అలా గట్టెక్కినవారు 3.16 కోట్ల మంది. ఏడాది గడిచాక కూడా వారిలో 79 శాతానికి పైగా సైటును వదల్లేదని కంపెనీ అమెరికా మార్కెట్‌కు ఇచ్చిన పత్రాల్లో చూపించింది. కష్టపడి లోపలికి వచ్చినవాడు తొందరపడి బయటికి పోడని దీన్నిబట్టి తేలింది.

పుట్టుక మాత్రం చాలా సాదాసీదా. యానిమే అభిమానులకు అప్పట్లో ఏసీఫన్ అనే సైటు అడ్డా. అది తరచూ మొరాయిస్తుండటంతో షు యి అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు 2009 జూన్‌లో సొంతంగా ఓ సైటు తెరిచాడు. మరుసటి ఏడాది దానికి బిలిబిలి అని పేరు మార్చాడు. ఆ సైటు తొలినాళ్ల వాడుకరుల్లో ఒకరైన చెన్ రుయి మొదట అందులో సొంత డబ్బు పెట్టుబడి పెట్టారు. మొబైల్ యాప్‌ల కంపెనీ చీతా మొబైల్ సహవ్యవస్థాపకుడైన ఆయన, ఆ కంపెనీ న్యూయార్క్ మార్కెట్‌కెక్కిన 2014లోనే దాన్ని వదిలి బిలిబిలి పగ్గాలు పట్టారు. అభిమానే అధిపతి అయ్యాడన్నమాట. తర్వాతి నిర్ణయాలు చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

బిలిబిలి అసలు ఆకర్షణ తెర మీద పరుగెత్తే వ్యాఖ్యలు. జపాన్ వీడియో సైటు నికోనికో నుంచి అరువు తెచ్చుకున్న పద్ధతి ఇది. వీడియోలో ఏ క్షణం దగ్గర వ్యాఖ్య రాస్తే, తర్వాత చూసే ప్రతివారికీ సరిగ్గా ఆ క్షణంలోనే అది కుడి నుంచి ఎడమకు తేలిపోతూ కనిపిస్తుంది. గదిలో ఒంటరిగా చూస్తున్నా కిక్కిరిసిన హాల్లో కూర్చున్నట్టే. 2016లో బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో పాత వస్తువులు బాగుచేసే పనివారిపై ప్రభుత్వ టీవీ మూడు భాగాల డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. దానికి అసలు ఆదరణ దొరికింది బిలిబిలిలో. శతాబ్దాల నాటి గడియారాన్ని ఓ పెద్దాయన ఓపిగ్గా విప్పి బిగిస్తుంటే, చూస్తున్న కుర్రకారు వ్యాఖ్యలతో తెర నిండిపోయింది. యానిమే పిల్లల సైటు అన్న ముద్ర చెరగడం అప్పుడే మొదలైంది. 2020 మార్చిలో క్రిమినల్ లా ప్రొఫెసర్ లువో షియాంగ్ ఇందులో ఖాతా తెరిస్తే రెండ్రోజుల్లో పది లక్షల మంది చేరారు. ఆయన చెప్పే ప్రతి ఉదాహరణలోనూ నేరం చేసేది జాంగ్ సాన్ అనే కల్పిత పాత్రే. పాఠం వినాలనే కాదు, ఈసారి జాంగ్ సాన్ ఏం చేశాడో తెలుసుకోవాలనీ జనం ఎగబడ్డారు.

ఇక డబ్బు సంగతి. వీడియోకు ముందు ప్రకటన వేయడమన్నది చైనా సైట్లన్నింటికీ అలవాటైన ఆదాయమార్గం. చందా కట్టని ప్రేక్షకుడు ఒక్కోచోట నిమిషానికి పైగా ఆ ప్రకటనలు భరించాల్సిందే. తాము కొన్న యానిమేలకు అలాంటివి వేయబోమని చెన్ రుయి 2014లో మాటిచ్చారు. 2016లో కొన్నింటికి ప్రకటనలు కనిపించి గొడవైతే క్షమాపణ చెప్పుకున్నారు. మరి ఆదాయం ఎక్కడిది? మొబైల్ గేముల నుంచి. జపాన్ గేమ్ ‘ఫేట్/గ్రాండ్ ఆర్డర్’ను చైనాలో నడిపే హక్కులు దక్కించుకోవడంతో 2017 ఆదాయంలో 83 శాతం గేముల నుంచే వచ్చింది. పేరుకు వీడియో కంపెనీ, లెక్కల్లో గేముల కంపెనీ!

2018 మార్చి 28న బిలిబిలి నాస్‌డాక్‌లో అడుగుపెట్టి 48 కోట్ల డాలర్లు సమీకరించింది. మర్నాడే సెర్చ్ సంస్థ బైదు అండతో వచ్చిన మరో చైనా వీడియో సైటు ఐచియీ ఏకంగా 225 కోట్ల డాలర్లు పోగేసింది. ఐచియీ సీరియళ్లు తీయడానికీ కొనడానికీ వేల కోట్లు ధారపోయాలి. బిలిబిలికి వీడియోల్లో సింహభాగం వాడుకరులే తయారుచేసి పెడతారు. అంత చవకైన సరుకున్నా నష్టాలు తప్పలేదు. 2019 చివరి రాత్రి యానిమే పాటలు, గేమ్ సంగీతంతో జరిపిన నూతన సంవత్సర వేడుకకు వచ్చిన స్పందనతో షేరు ఒక్కరోజే పది శాతానికి పైగా ఎగిసింది. ఆ ఊపులో కంపెనీ అందరినీ ఆకర్షించే పనిలో పడింది. ప్రచారానికీ కొత్త వాడుకరుల వేటకూ డబ్బు నీళ్లలా ఖర్చయింది. ఫలితంగా 2022 నాటికి నెలవారీ వాడుకరులు 30 కోట్లు దాటారు. ఆ ఏడాది నష్టమూ 750 కోట్ల యువాన్లకు చేరింది. 2021 ఫిబ్రవరిలో 150 డాలర్లు దాటిన షేరు 2022 అక్టోబరులో పది డాలర్ల లోపుకు జారింది.

వ్యాఖ్యాతలు ఎక్కువగా వాడుకరుల సంఖ్య దగ్గరే ఆగిపోతారు. చూడాల్సింది వీడియో తయారుచేసేవారి జేబు. యూట్యూబ్‌లో వీడియోకు వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం క్రియేటర్‌కు పోతుంది. తెలుగులో వంటల ఛానెళ్ల నుంచి సినిమా రివ్యూల దాకా బతుకుతున్నది ఆ వాటా మీదే. బిలిబిలిలో క్రియేటర్ల వీడియోల ముందూ ప్రకటనే లేనప్పుడు పంచుకోవడానికి వాటా ఎక్కడిది? 2018లో మొదలైన ప్రోత్సాహక నిధి కంపెనీ దయ మీద ఆధారపడింది. బ్రాండ్లతో కుదిర్చిపెట్టే వేదిక 2020లో వచ్చినా ఒప్పందాలు పేరున్నవారికే దొరుకుతాయి. 2023 ఏప్రిల్‌లో పలువురు పేరున్న క్రియేటర్లు ఇక వీడియోలు చేయలేమని వరసగా ప్రకటించారు. ప్రేక్షకుడికి ఇచ్చిన మాటకు మూల్యం చెల్లిస్తున్నది ఎవరో అప్పుడు బయటపడింది. చూసినవారి సంఖ్యకు బదులు చూసిన నిమిషాలను చూపుతామని ఆ జూన్‌లో చెన్ రుయి ప్రకటించారు. పొడవైన, శ్రమతో చేసిన వీడియోలకు అది గౌరవమే గానీ గౌరవంతో ఇంటద్దె గడవదు.

2024 జూన్‌లో వచ్చిన చైనా చరిత్రలోని మూడు రాజ్యాల కథ మీద గేమ్ మళ్లీ ఆదుకుంది. వీడియోల ముందు కాకపోయినా సైటులో మరోచోట వేసే ప్రకటనల రాబడీ పెరిగింది. ఆ ఏడాది చివరి త్రైమాసికంలో దాదాపు తొమ్మిది కోట్ల యువాన్లతో, మార్కెట్లో నమోదయ్యాక తొలిసారి నికర లాభం కనిపించింది. 2024 మొత్తం 2,680 కోట్ల యువాన్ల ఆదాయంలో గేముల వాటా అయిదో వంతే. 800 కోట్ల పైచిలుకు ప్రకటనల నుంచే వచ్చింది. కాబట్టి పంచడానికి లేదనే సాకు ఇక చెల్లదు. ఆ ప్రకటనల ఆదాయంలో ఇంత శాతం క్రియేటర్లదని బిలిబిలి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.